పిల్లి ఉన్న ఇంట్లో డిఫ్యూజర్ ఎందుకు తీసేశాను, నూనె ఒలికితే ఏం చేయాలి

పిల్లి తిరిగే గదిలో అల్ట్రాసోనిక్ డిఫ్యూజర్ (సువాసన నూనెను గదిలోకి వెదజల్లే యంత్రం) వాడకం పూర్తిగా ఆపేశాను. సమస్య వాసన ఒక్కటే కాదు. ఆ యంత్రం నూనెను సన్నని తుంపరలుగా చిమ్ముతుంది. అవి బొచ్చు మీద వాలతాయి, పిల్లి ఒళ్లు నాక్కున్నప్పుడు కడుపులోకి పోతాయి. ఈ నూనెల్లో ఉండే ఫినాల్ లాంటి పదార్థాలను ఒంట్లోంచి బయటికి పంపే గ్లూకురోనిడేషన్ అనే ప్రక్రియ పిల్లి కాలేయంలో బలహీనం. అందుకే టీ ట్రీ, లవంగ, దాల్చినచెక్క, యూకలిప్టస్, వింటర్‌గ్రీన్ నూనెలు దానికి ప్రమాదం. సీసా మీద 'సహజం' అని రాసినా నేను లెక్కచేయను. గోమార్లు పోతాయని పలుచన చేయని టీ ట్రీ నూనె పూయడం మరీ చెడ్డపని. కుక్కకైనా కొద్ది చుక్కలే విషమవుతాయి.

పిల్లి ఒంటి మీద నూనె ఒలికితే గ్లౌజులు వేసుకుని, గిన్నెలు తోమే లిక్విడ్‌తో, గోరువెచ్చని నీళ్లతో రుద్ది కడగాలి. ఉత్త నీళ్లకు నూనె వదలదు. వాసన పోయేదాకా మళ్లీ మళ్లీ కడగాలి. తర్వాత తడి తుడిచి వెచ్చగా ఉంచాలి, ఎందుకంటే విషం ఎక్కితే ఒంటి వేడి పడిపోతుంది. నాకకుండా మెడ చుట్టూ కోన్ (గరాటు ఆకారపు పట్టీ) పెట్టాలి.

మింగితే మాత్రం వాంతి చేయించొద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. ఒలికినా మింగినా సీసా వెంట తీసుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి. చొంగ కారడం, తూలడం, వణుకు కొన్ని గంటల తర్వాత మొదలవ్వొచ్చు, అవి కనబడేదాకా ఆగొద్దు.

పక్షులున్న ఇంట్లో ఏ డిఫ్యూజరూ వద్దు. నూనె సీసాలో పుల్లలు గుచ్చి పెట్టే రీడ్ డిఫ్యూజర్ తుంపరలు చిమ్మదు గానీ, తోక తగిలితే చాలు, ఒలికిపోతుంది.