చర్చి రిజిస్టర్లలో తల్లీబిడ్డల మరణాలు వెతకాలంటే

చెన్నైలో తరాలుగా ఉంటున్న తెలుగు క్రైస్తవ కుటుంబాలవాళ్లు వంశవృక్షం రాసుకుంటుంటే, బాప్తిస్మాల రిజిస్టరు ఒక్కటే చూసి ఆగిపోకండి. సమాధుల రిజిస్టరు కూడా పక్కన పెట్టుకుని చదవండి.

ఒకే దంపతుల బిడ్డలకు ‘మేరీ’ అని రెండుసార్లు కనిపిస్తే మొదటి మేరీ పోయి ఉండొచ్చు. పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకు పెట్టుకోవడం అప్పట్లో మామూలే. పుట్టిన రోజే, అదీ ఇంట్లోనే బాప్తిస్మం ఇచ్చారంటే బిడ్డ దక్కదేమోనని భయపడ్డారన్నమాట. ఆ తేదీ నుంచి ఆరు వారాల సమాధుల పేజీలు వదలకుండా చూడండి, బిడ్డ కోసమే కాదు, తల్లి కోసం కూడా. ఆమె పేరు లేకుండా ‘ఫలానావారి భార్య’ అని మాత్రమే ఉండొచ్చు (ఎంత అన్యాయమో!), అందుకని భర్త పేరుతో వెతకాలి. అక్కడా దొరక్కపోతే పెళ్లిళ్ల రిజిస్టరు తిరగేయండి. ఆయన ‘విడోయర్’గా (అంటే భార్య పోయినవాడిగా) మళ్లీ పెళ్లి చేసుకుని ఉంటే, మొదటి భార్య ఏ తేదీలోపు పోయిందో తెలుస్తుంది.

చనిపోయి పుట్టిన బిడ్డకు మామూలుగా బాప్తిస్మం ఉండదు. రెండు కాన్పుల మధ్య పెద్ద ఖాళీ కనిపిస్తే పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టండి చాలు.

మద్రాసు నుంచి లండన్‌కు వెళ్లిన చర్చి రిజిస్టర్ల నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 వరుసలో ఉన్నాయి గానీ, అవి ఎక్కువగా యూరోపియన్లవి. మనవాళ్లకు చర్చి ఆఫీసే దిక్కు. ఆదివారం ఆరాధన రద్దీలో కాకుండా మామూలు రోజున వెళ్లి అడగండి.