ఇటుక గోడ లోపలి చెమ్మ: నా అనుభవం

డాలస్‌లో మా ఇల్లు బయట ఇటుక, లోపల చెక్క ఫ్రేమ్. గట్టి వాన పడిందంటే ఒక గదిలో గోడ అడుగున చెమ్మ, ముక్కిన వాసన. డీహ్యూమిడిఫయర్, పెయింట్, ఇటుకపై సీలర్ ఏవీ పనిచేయలేదు.

ఇటుక నీళ్లు పీలుస్తుంది, అది మామూలే. ఇటుకకూ చెక్క ఫ్రేమ్‌కూ మధ్య ఖాళీలోకి దిగిన నీరు అడుగు వరసలో వదిలిన నిలువు సందుల్లోంచి బయటికి పోవాలి. మా ఇంట్లో అంతకుముందున్నవాళ్లు, బహుశా చీమల భయంతో, వాటిని కాక్‌తో (సందులు పూడ్చే రబ్బరు లాంటి పేస్టు) మూసేశారు. మిగిలినవి మల్చ్ (మొక్కల చుట్టూ పరిచే చెక్కపొట్టు) కింద.

ముందు మల్చ్, మట్టి తవ్వి సందుల కంటే నాలుగంగుళాలు కిందికి దించాను. తర్వాత కాక్‌ను కత్తితో కోసి తీశాను. డ్రిల్ పెట్టలేదు, లోపలి ఫ్లాషింగ్ (నీటిని బయటికి మళ్లించే పలచని పొర) చిరిగితే అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది. చివరికి పురుగులు రాకుండా స్టెయిన్‌లెస్ జాలీ వదులుగా కుక్కాను.

తర్వాతి వానలకు చెమ్మ రాలేదు. అప్పుడే స్ప్రింక్లర్‌నూ పక్కకు తిప్పాను, కాబట్టి ఏది ఎంత పనిచేసిందో చెప్పలేను. మన ఊళ్లలోని తొమ్మిదంగుళాల గోడకు మాత్రం ఇది పనికిరాదు, దానిలో ఖాళీయే ఉండదు.