నీలం బ్లాక్ క్రౌన్ మసకగా వస్తోందా? మా ఫర్నేస్ సంగతి

మిల్లింగ్ (మెషిన్‌తో బ్లాక్‌ని చెక్కడం) అయ్యాక ఊదా నీలంగా ఉండే లిథియం డైసిలికేట్ (గాజు లాంటి సిరామిక్) క్రౌన్, అంటే పంటి తొడుగు, 840 డిగ్రీల ఫైరింగ్‌తో పంటి రంగుకు తిరగాలి కదా. మా ల్యాబ్‌లో రెండు నెలలుగా మసకగా, బూడిద ఛాయతో వచ్చేవి. బ్లాక్ షేడ్, గ్లేజ్, ట్రే అన్నీ మార్చి చూశాం, లాభం లేదు.

చివరికి ఫర్నేస్ మీద అనుమానం వచ్చింది. ముందు ఖాళీగా ఒక క్లీనింగ్ ఫైరింగ్ ఇచ్చా. చల్లారాక సరిగ్గా క్రౌన్ కూర్చునే ఎత్తులో స్వచ్ఛమైన వెండి తీగ ముక్క పెట్టా. నగల వెండి వద్దు, అందులో రాగి కలుస్తుంది, ముందే కరిగిపోతుంది. అసలు వెండి కరిగేది 962 దగ్గర. వాక్యూమ్‌లో 965కి తీసుకెళ్తే తీగ అంచు కూడా మెత్తబడలేదు. 975కీ అంతే. డిస్‌ప్లే 985 చూపిస్తే గానీ ముత్యంలా ఉండ కట్టలేదు! అంటే అసలు వేడి డిస్‌ప్లే చూపించే దానికంటే 13 నుంచి 23 డిగ్రీలు తక్కువ. నీలం దశలో ఉండే మెటాసిలికేట్ పూర్తిగా డైసిలికేట్‌గా మారట్లేదన్నమాట.

క్యాలిబ్రేషన్ మెనూలో ఆ తేడా సరిదిద్ది, మళ్లీ వెండితో చూసుకుని, 840లో 7 నిమిషాలు ఉంచా. 700కి దిగేదాకా తలుపు తీయలేదు. షేడ్ గైడ్ (పంటి రంగుల నమూనాలు) పక్కన పెడితే కలిసిపోయింది.

962 దగ్గరున్న తేడానే 840లోనూ ఉంటుందని గ్యారంటీ ఏమీ లేదు. మా మఫిల్ (ఫర్నేస్ లోపలి వేడి గది) పాతది, మీదగ్గర కారణం వేరే అయ్యుండొచ్చు.