పిల్లాడు స్వెటర్ విప్పేస్తున్నాడా? తప్పు ఎక్కడుందో, ఎట్లా సరిచేయాలో

డిసెంబరులో పొద్దున హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక పది నిమిషాలు నిలబడి స్కూల్ ఆటోలను చూడండి. స్వెటర్ ఒంటి మీద ఉన్న పిల్లలతో పాటు నడుముకు చుట్టుకున్నవాళ్ళు, సంచిలో కుక్కినవాళ్ళు కూడా కనిపిస్తారు. మా చిన్నోడు సంచిలో కుక్కే రకం. నేను మూడు వారాలు కూర్చుని అల్లిన స్వెటర్‌ను వాడు ఆటో ఎక్కకముందే పీకి సంచిలో పెట్టేవాడు. మొండోడని తిట్టాను, బతిమాలాను కూడా. ఒకరోజు దాన్ని తిరగేసి పట్టి చూస్తే మెడ పట్టీ తాడులాగా బిగుసుకుపోయి ఉంది. అప్పటినుంచి వాడు ఏం చేస్తున్నాడో చూసి, స్వెటర్‌లో ఆ చోటును వెతకడం అలవాటు చేసుకున్నాను.

ముందుగా మాటల సంగతి. నాకు అల్లిక నేర్పింది కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో మా పక్కింటి హిందీ ఆంటీ. అందుకే సీదా, ఉల్టా, ఫందా అనే మాటలే నోటికి వస్తాయి. సూది మీద ఉండే ఒక్కో ఉచ్చు ఒక ఫందా. సీదా వైపు జడ అల్లినట్టు నున్నగా, ఉల్టా వైపు గింజలు పేర్చినట్టు కనిపిస్తుంది. సీదా ఒకటి, ఉల్టా ఒకటి వేసుకుంటూ అల్లే సాగే పట్టీని బార్డర్ అంటాం. కింద చెప్పిన కొలతలు 5 నుంచి 8 ఏళ్ల మగపిల్లలకు, మామూలు డబుల్ నిట్ ఊలుకు (మరీ సన్నం, మరీ లావు కాని మధ్యరకం), 8 నంబరు సూదులకు సరిపోతాయి. మన దగ్గర నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, 10 నంబరు అంటే 3.25 మిల్లీమీటర్లు.

"అమ్మా, తల పడ్తలేదే!"

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. పిల్లల ఒళ్ళు చిన్నదే కానీ తల చిన్నది కాదు. ఐదారేళ్ల పిల్లాడి తల చుట్టుకొలత 51, 52 సెంటీమీటర్లు ఉంటుంది, ఛాతీకి పెద్ద తేడా లేకుండా. మెడ పట్టీని చివర్లో మూసేటప్పుడు, అంటే సూది మీది ఫందాలు ఊడిపోకుండా ముగించేటప్పుడు, మనం తెలియకుండానే చేయి బిగిస్తాం. బార్డర్ ఎంత సాగినా ఆ మూసిన అంచు సాగదు.

టేపుతో చూడండి. మెడను రెండు చేతులతో సాగదీస్తే చుట్టూ 54 సెంటీమీటర్లన్నా రావాలి. రాకపోతే స్వెటర్ అంతా విప్పాల్సిన పని లేదు. మూసిన ఆ ఒక్క వరసను ఊడదీసి, ఫందాలను సూదికి ఎక్కించి, ఈసారి సాగేలా మూయండి. రెండు ఫందాలను కలిపి సీదా అల్లాలి. వచ్చిన ఒక్క ఫందాను మళ్ళీ ఎడమ సూది మీదికి వేసి, దాన్ని పక్కదానితో కలిపి అల్లాలి. చివరిదాకా ఇంతే. కుడిచేతిలో రెండు సైజులు లావు సూది పట్టుకుంటే ఇంకా మంచిది. అరగంట పని.

అప్పటికీ తల ఇరుకుగా పోతుంటే ఎడమ భుజం కుట్టు విప్పి, రెండు అంచులకూ నాలుగు వరసల పట్టీ అల్లి మూడు గుండీలు పెట్టండి. చిన్నపిల్లలకు మొదటినుంచే ఇట్లా చేయడం నాకిష్టం. నిద్రమత్తులో ఉన్నవాడికి కూడా ఏడిపించకుండా తొడగొచ్చు.

మాటిమాటికీ మెడ ముందు లాక్కుంటున్నాడు

తల సులువుగానే పడుతుంది, కానీ వేసుకున్నాక గొంతు దగ్గర వేలు పెట్టి లాక్కుంటాడు. స్వెటర్ వీపు వైపు జారుతుంటుంది. ముందు మెడ, వెనుక మెడ ఒకే ఎత్తులో ఉన్నాయన్నమాట. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు రెండు చదరపు ముక్కలు అల్లి భుజాలు కలిపేస్తారు కదా, అక్కడ వచ్చే ఇబ్బంది ఇది. మనిషి మెడ ముందుకు వాలి ఉంటుంది కాబట్టి ముందు భాగం వెనుకకన్నా 5, 6 సెంటీమీటర్లు లోతుగా ఉండాలి.

దీనికి దగ్గరిదారి లేదు. మెడ పట్టీ తీసేసి, భుజాల కుట్లు విప్పి, ముందు ముక్కను మాత్రం పైనుంచి 17 వరసల దాకా ఊడదీయండి. మధ్యలో ఉన్న ఫందాల్లో ఒక 14 మూసేసి, రెండు వైపులా విడివిడిగా పైకి అల్లుతూ మెడవైపు ఒక వరస విడిచి ఒక వరసలో ఒక్కో ఫందా తగ్గించండి. నాలుగైదు తగ్గాక మిగతాది నేరుగా అల్లి, వెనుక ముక్క భుజం వెడల్పుతో సరిచూసుకోండి. తర్వాత పట్టీ కోసం అంచునుంచి ఫందాలు ఎత్తేటప్పుడు (అల్లిన అంచులోంచి సూదితో కొత్త ఉచ్చులు తీయడం అన్నమాట) పక్క అంచుల్లో నాలుగు వరసలకు మూడు ఫందాలు చొప్పున ఎత్తితే ముడతలు పడదు. ఊడదీసిన ఊలు నూడుల్స్‌లా వంకర్లు తిరిగి ఉంటుంది. కుర్చీ వీపుకు చుట్టి, నీళ్ళు చల్లి, ఆరాక వాడండి.

ముందు, వెనుక తేడా పెట్టాక ఇంకో చిక్కు వస్తుంది. వాడు తిరగేసి వేసుకుంటాడు! వెనుక మెడ లోపల ఎర్రదారంతో నాలుగు కుట్లు వేసి, "ఎర్రది వీపుకు" అని చెబితే చాలు.

గోక్కుంటున్నాడు

మెడ దగ్గర, మణికట్టు దగ్గర ఎర్రబడితే ఊలునే అనుమానించాలి. అసలు గొర్రె ఉన్ని పోగు లావుగా, అంటే 30 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) దాటితే చర్మానికి గుచ్చుకుంటుంది. మెరినో జాతి గొర్రె ఉన్ని సన్నం కాబట్టి గుచ్చదు, ధర మాత్రం గుచ్చుతుంది. కొనేముందు ఉండను మెడ పక్కన ఒక నిమిషం రాసి చూడండి. అరచేతికి తెలియదు.

అల్లేసిన తర్వాతైతే పాత ధోవతి లేదా మల్లు బట్ట నుంచి 4 సెంటీమీటర్ల పట్టీని ఏటవాలుగా కత్తిరించి మెడ లోపల చేత్తో కుట్టండి. నిలువుగా కత్తిరిస్తే సాగదు, మళ్ళీ తల పట్టని గొడవే. ఎర్రదనం తగ్గకపోయినా, దద్దుర్లు వచ్చినా స్వెటర్ పక్కన పెట్టి డాక్టరుకు చూపించండి. కొన్నిసార్లు ఊలు తప్పేమీ ఉండదు, మనం మెడ దగ్గర వేసిన ముడి గుచ్చుతుంటుంది. దాన్ని విప్పి కొసలను లోపలి ఫందాల్లోంచి దూర్చేయండి.

పొద్దున వేసుకుంటాడు, పది గంటలకల్లా తీసేస్తాడు

ఇది అల్లిక తప్పు కాదు, మన చలిని సరిగా లెక్క వేయకపోవడం. వరంగల్‌లో చలికాలం పొద్దున 15 డిగ్రీల దగ్గర ఉంటుంది, కొన్ని రోజులు ఇంకా కిందికి. మధ్యాహ్నానికి 30కి దగ్గరపడుతుంది. ఒకే రోజులో రెండు కాలాలు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు వేరు, అక్కడ చలి ఒక అంకెలోకి దిగుతుంది, నిండు చేతుల మందం స్వెటర్ కావాల్సిందే. మన హనుమకొండ పిల్లాడికి కొండప్రాంతాల డిజైన్ చూసి మెడ మూసిన, జడలు జడలుగా మందంగా ఉన్న స్వెటర్ అల్లితే వాడు చెమటలో నానుతాడు. పైగా మనం ఎక్కువగా కొనేది అక్రిలిక్, అంటే గొర్రె ఉన్ని కాని కృత్రిమ ఊలు. అది చెమటను పీల్చుకోదు.

అల్లేసినదాన్ని పలచన చేయలేం కానీ మార్చవచ్చు. చేతుల కుట్టు విప్పి తీసేసి, చంక చుట్టూ ఐదు వరసల బార్డర్ అల్లితే చేతుల్లేని స్వెటర్ అవుతుంది. స్కూల్ చొక్కా మీదికి నా దృష్టిలో ఇదే సరైనది. పరుగెత్తేవాడికి ఛాతీ, వీపు వెచ్చగా ఉంటే చాలు.

రెండో దారి, ముందు నిలువుగా కత్తిరించి గుండీల స్వెటర్ చేయడం. కత్తెర అనగానే భయం వేస్తుంది, నాకూ వేసింది. నడిమి ఫందాల వరసకు అటూఇటూ మెషిన్ మీద చిన్న కుట్టుతో రెండేసి గీతలు వేయాలి. ఊలు జారుడుగా ఉంటే మూడు. కుట్లు అయ్యాకే మధ్యలో కత్తిరించాలి. కోసిన అంచును లోపలికి మడిచి రిబ్బనుతో కప్పి, అంచునుంచి ఫందాలు ఎత్తి పట్టీ అల్లాలి. మగపిల్లలకు కాజాలు ఎడమవైపు, గుండీలు కుడివైపు. గుండీ 18 మిల్లీమీటర్లకు తగ్గకుండా తీసుకోండి, సన్న గుండీలు ఐదేళ్ల వేళ్ళకు అందవు. జిప్పు నేను పెట్టను. గడ్డం దగ్గర చర్మం ఇరుక్కుంటే మళ్ళీ స్వెటర్ మొహం చూడడు.

అక్రిలిక్ గురించి ఇంకొక మాట. చలిమంట దగ్గర కూర్చునే పిల్లాడికి అది వద్దు. ఉన్నికి నిప్పు తగిలితే మాడి, మంట దానంతట అదే ఆరడానికే చూస్తుంది. అక్రిలిక్ అంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. తెల్లవారుజామున వాకిట్లో మంటలు వేసే ఊళ్ళకు పోయేటప్పుడు నేను పిల్లలకు ఉన్నిదే వేస్తాను, లేదంటే రెండు నూలు చొక్కాలు.

చేతులెత్తితే బొడ్డు కనబడుతోంది

బోర్డు మీద రాయడానికి చేయెత్తితే స్వెటరంతా పైకి లేస్తుంది. పొడవు చాలలేదని కింద ఇంకో పది వరసలు కలుపుతారు చాలామంది. లాభం లేదు. తప్పు చంకలో ఉంది. చేయి గొట్టం ఇరుకైనా, చంక మరీ కిందికి దిగినా చేయితో పాటు ఒళ్ళంతా లేస్తుంది. చంక కింద కుట్టు రెండు వైపులా 6 సెంటీమీటర్లు విప్పి అక్కడ పతంగి ఆకారపు ముక్క కుట్టండి. ఒక ఫందాతో మొదలుపెట్టి, ఒక వరస విడిచి ఒక వరసలో రెండు కొసలా ఒక్కోటి పెంచుతూ 13 దాకా పోయి, అట్లాగే ఒకటికి తగ్గించాలి. ముక్క వెడల్పు దాదాపు 6 సెంటీమీటర్లు వస్తుంది.

అనుకున్న సైజు రాలేదు

శాంపిల్ ముక్క అల్లకుండా మొదలుపెట్టి ఉంటారు. డబుల్ నిట్ ఊలు, 8 నంబరు సూది మీద 10 సెంటీమీటర్లకు 22 ఫందాలు రావాలి. మీ చేయి వదులై 20 వచ్చాయనుకోండి. 65 సెంటీమీటర్ల ఛాతీకని వేసుకున్న 143 ఫందాలు 71.5 సెంటీమీటర్లు అవుతాయి. రెండు ఫందాల తేడా ఆరున్నర సెంటీమీటర్లు తెచ్చిపెట్టింది. పెద్దదైతే నయం, వచ్చే ఏడాదికి పనికొస్తుంది. చిన్నదైతే పక్క కుట్లు విప్పి, కింది అంచునుంచి చంక దాకా నిలువు పట్టీలు అల్లి కలపండి, వేరే రంగుదైనా బాగుంటుంది. ఛాతీ కొలతకు 5 నుంచి 8 సెంటీమీటర్లు వదులు పెట్టడం మరవద్దు.

కింది అంచు చుట్టుకుపోతోంది

సీదా అల్లిక స్వభావమే అంత, అంచు పైకి చుట్టుకుంటుంది. ఇస్త్రీ పెట్టకండి, అక్రిలిక్ చచ్చుబడి గుడ్డపీలికలా వేలాడుతుంది. అంచునుంచి ఫందాలు ఎత్తి 10 నంబరు సూదితో 5 సెంటీమీటర్ల బార్డర్ కిందికి అల్లండి.

ఉతికాక మోకాళ్ళ దాకా వచ్చింది, లేదా గుప్పెడైపోయింది

మొదటిది దండెం మీద వేలాడదీసినందుకు. నీళ్ళ బరువుకు సాగిపోయింది. మళ్ళీ తడిపి, టవల్లో చుట్టి పిండి, చేత్తో కొలతకు సర్ది పడుకోబెట్టి ఆరబెడితే చాలావరకు వెనక్కి వస్తుంది. నులక మంచం ఉంటే దాన్ని మించింది లేదు, కిందినుంచి కూడా గాలి ఆడుతుంది. పైన పాత బట్ట పరచండి, నులక గీతలు పడకుండా.

రెండోది ఉన్నిని వేడినీళ్ళలో, మెషిన్‌లో వేసినందుకు. పోగులు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని గట్టిపడితే ఇక విడిపోవు. తమ్ముడుంటే తమ్ముడికి, లేకుంటే కత్తిరించి మోచేతి అతుకులకు దాచండి. ఉన్నికి చల్లని నీళ్ళు, కుంకుడుకాయ రసం చాలు. రుద్దకుండా ముంచి తీయడమే.

మోచేతి దగ్గర చిరిగింది, చేతులు పొట్టివయ్యాయి

ఈ వయసులో పిల్లలు ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. చేతిని మణికట్టు నుంచి పైకి అల్లితే పెంచడం కష్టం. భుజం దగ్గర ఫందాలు ఎత్తి కిందికి అల్లుకుంటూ వస్తే బార్డర్ ఊడదీసి ఎన్ని వరసలంటే అన్ని కలపొచ్చు. నేను ఇప్పుడు ఇట్లాగే అల్లుతున్నాను. ఆరేళ్ల పిల్లాడి నిండు చేతుల స్వెటర్‌కు 250 నుంచి 300 గ్రాముల ఊలు పడుతుంది. ఒక ఉండ ఎక్కువ కొనండి, చీటీ మీద రంగు లాట్ నంబరు (ఏ విడతలో రంగు వేశారో చెప్పేది) అన్నిటికీ ఒకటే ఉందో లేదో చూసుకుని. మిగిలిన ఊలును బీరువాలో దాచవద్దు. చిన్న చుట్ట చేసి, స్వెటర్ ఉతికినప్పుడల్లా దాన్నీ నీళ్ళలో వేయండి. స్వెటర్‌తో పాటే వెలుస్తుంది కాబట్టి ఏడాది తర్వాత మోచేతికి అతుకు వేసినా రంగు కలుస్తుంది.