తెలుగు పేజీ చదవబుద్ధి కావడం లేదా? లక్షణం, కారణం, పరిష్కారం

పాఠకులు రెండో పేరా దాటడం లేదంటే ముందుగా రాత మీదే అనుమానం వస్తుంది. దాన్ని తిరగరాసే ముందు అమరిక చూడండి. తెలుగు అక్షరానికి పైన గుడి, తలకట్టు, ఏత్వం ఉంటాయి. కింద వత్తులు ఉంటాయి, ఒక్కోసారి రెండేసి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే సెట్టింగులను అలాగే వదిలేస్తే ఈ రెండు వైపులా చోటు చాలదు. కింది సమస్యల్లో చాలావాటికి మూలం ఇదే.

చదివిన వరుసే మళ్ళీ చదువుతున్నారు, లేదా ఒక వరుస దాటిపోతోంది

కారణం రెండింటిలో ఒకటి. ఒకటి, వరుసల మధ్య ఎడం తక్కువ కావడం. రెండు, వరుస మరీ పొడవు కావడం. రెండూ కలిస్తే వరుస చివరి నుంచి ఎడమ అంచుకు తిరిగొచ్చే కన్ను దారి తప్పుతుంది.

ముందు ఎడం సంగతి. పై వరుసలో ‘రాష్ట్రం’, సరిగ్గా దాని కింద ‘చీటీ’ వచ్చేలా రెండు వరుసలు టైపు చేసి చూడండి. పైమాట వత్తులు కిందిమాట గుడులను తాకినా, తాకబోతున్నట్టు కనిపించినా ఎడం చాలనట్టే. తెరమీద లైన్-హైట్ (అక్షరం సైజుకు వరుస ఎత్తు ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1.6తో మొదలుపెట్టి, అవసరమైతే 1.8 దాకా వెళ్ళండి. ఇంగ్లీషు పేజీలకు 1.4 సరిపోతుందేమో గానీ తెలుగుకు ఇరుకే. అలాగని 2 దాటిస్తే వరుసలు విడిపోయి పేరా ఒక ముద్దగా కనిపించదు.

ఇక పొడవు. తెలుగు మాటలు పొడవు కాబట్టి అక్షరాల లెక్క కన్నా మాటల లెక్క తేలిక. వరుసకు ఏడు నుంచి పది మాటలు హాయిగా ఉంటాయి. పన్నెండు దాటుతుంటే పేజీ అంచులు పెంచండి, లేదా రెండు కాలమ్‌లు చేయండి. ఎడం పెంచకుండా ఫాంటు మార్చడం చాలామంది చేసే పొరపాటు. మారిన ఫాంటు రెండు రోజులు కొత్తగా ఉంటుంది, ఇబ్బంది మాత్రం అలాగే ఉంటుంది.

గుడుల పైభాగం, వత్తుల కిందిభాగం తెగిపోతున్నాయి

వర్డ్‌లో అయితే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’ అని ఉందేమో చూడండి. అది ఇచ్చిన పాయింట్ల ఎత్తుకు మించినదాన్ని కోసేస్తుంది. దాన్ని ‘మల్టిపుల్’కు మార్చి 1.2 దగ్గర మొదలుపెట్టండి. ఇక్కడి 1.2, పైన చెప్పిన 1.6 ఒకటి కాదు. వర్డ్ గుణించేది ఫాంటులోనే ఉన్న వరుస ఎత్తును, వెబ్‌లో గుణించేది అక్షరం సైజును. వెబ్ పేజీల్లో బటన్లు, శీర్షికల పెట్టెలకు పిక్సెళ్ళలో బిగించిన ఎత్తు కారణం అవుతుంది. ఆ ఎత్తు తీసేసి, పైనా కిందా ప్యాడింగ్, అంటే పెట్టె లోపలి ఖాళీ, ఇవ్వండి.

మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు

రెండు అంచులూ సమం చేసే జస్టిఫై వల్ల ఇది వస్తుంది. ‘చెప్పుకోవలసివచ్చినప్పుడల్లా’ లాంటి మాట వరుస చివర పట్టకపోతే మొత్తంగా కిందికి దిగుతుంది, పైన మిగిలిన మూడు నాలుగు మాటలే వరుసంతా సాగుతాయి. ఫోన్ తెరమీద మరీ అన్యాయం. ఎడమ అంచుకు సర్ది, కుడి అంచును దాని మానాన వదిలేయండి. అచ్చులో జస్టిఫై తప్పదంటే కాలమ్ వెడల్పు పెంచండి. ఖాళీలు తగ్గించడానికి లెటర్ స్పేసింగ్ (అక్షరాల మధ్య ఎడం) జోలికి మాత్రం వెళ్ళకండి. తెలుగులో అది సున్నా దగ్గరే ఉండాలి, లేకపోతే కొన్ని ప్రోగ్రాముల్లో వత్తు తన అక్షరం కింద నుంచి పక్కకు జరుగుతుంది.

వత్తులు విడిపోయి, పొల్లు విడిగా కనిపిస్తోంది

పేజీలు కూర్చే ప్రోగ్రాం ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే ఉమ్మడి అక్షర సంకేతాల) తెలుగు పేస్ట్ చేసినప్పుడు ఇలా వస్తే తప్పు ఫాంటుది కాకపోవచ్చు. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘అడోబీ వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకోండి. ఈ మార్పును పేరా స్టైల్‌లోనే చేస్తే ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు. వత్తుల బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే అది వేరే జబ్బు: ఆ పాఠం ‘అను’ లాంటి పాత పద్ధతి ఫాంటులో టైపు చేసినది. దాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి, తర్వాత ఒకసారి తప్పకుండా చదివి చూసుకోవాలి.

అక్షరాలు ఒకదానికొకటి పోలుతున్నాయి

ద, ధ, థ మధ్య తేడా ఒక చిన్న గీత, ఒక చుక్క. డ, ఢ కూడా అంతే. సైజు తగ్గినా, బోల్డ్ పెరిగినా ముందు పోయేవి ఇవే, ఎందుకంటే లావు గీతలు అక్షరం లోపలి ఖాళీని పూడ్చేస్తాయి. తెరమీద పాఠానికి 18 పిక్సెళ్ళు పెట్టండి. రామభద్ర లాంటి లావు ఫాంటును శీర్షికలకే ఉంచండి. మాటను ఎత్తి చూపాలంటే వాలు అక్షరాలు వద్దు. ఫాంటులో వాలు రూపం లేకపోతే కంప్యూటర్ నిటారు అక్షరాన్నే పక్కకు తోసేస్తుంది, గుండ్రని అక్షరం మెడ విరిగినట్టు కనిపిస్తుంది.

రంగు కూడా చూడండి. మామూలు సైజు పాఠానికి, అక్షరాల రంగుకూ వెనకభాగం రంగుకూ మధ్య వెబ్ సౌలభ్య ప్రమాణం కోరే కనీస వెలుగు వ్యత్యాసం 4.5:1. తెల్లని వెనకభాగం మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ (0 నుంచి 255 దాకా ఉండే కొలతలో) 119 చొప్పున ఉన్న బూడిద రంగు అక్షరాలు దాన్ని వెంట్రుకవాసిలో తప్పుతాయి, 118 అయితే గట్టెక్కుతాయి. సన్నటి తెలుగు గీతలకు ఆ అంచున ఆగకుండా 50 దగ్గరికి దించడం మేలు.

రాసేవాళ్ళకు ఎదురయ్యేవి

సొంత తప్పులు కనిపించకపోవడం మొదటిది. ఒకే అమరికలో పదిసార్లు చూసిన పాఠాన్ని కన్ను చదవదు, గుర్తుచేసుకుంటుంది. దిద్దేముందు ఫాంటు, సైజు, వరుస వెడల్పు మూడూ మార్చండి. మాటలు కొత్తచోట పడి, పడిపోయిన వత్తులు బయటపడతాయి. కంప్యూటర్లో నాలుగు వరుసల పేరా ఫోన్లో పన్నెండు వరుసలు కావచ్చు, కాబట్టి ఇరుకు వెడల్పులో ఒకసారి చూస్తే ఎక్కడ విరగ్గొట్టాలో తెలుస్తుంది.

‘సాఫ్ట్‌వేర్’ రాస్తే ‘సాఫ్ట్వేర్’ అయిపోతోందా? పొల్లు తర్వాతి అక్షరాన్ని వత్తుగా లాగేసుకుంటోంది. మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే, కంటికి కనిపించకుండా అక్షరాలను కలవనివ్వని గుర్తు పెట్టాలి. వర్డ్‌లో ఆ చోట 200, పక్కనే ఇంగ్లీషు సి కొట్టి, ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే వస్తుంది.

ఇక అక్షరాల పరిమితి. ‘స్త్రీ’ కంటికి ఒకటే అక్షరం, కంప్యూటర్ లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఎస్ఎంఎస్‌లో ఇంగ్లీషుకు 160 దొరికేచోట తెలుగుకు 70 మాత్రమే. ఫారాల్లో, బటన్లలో తెలుగు పట్టాలంటే చోటు కంటి లెక్కన, పరిమితి కంప్యూటర్ లెక్కన పెట్టుకోవాలి.