పాత ప్రియస్‌లో హై వోల్టేజ్ బ్యాటరీ లోపాలు: లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి మరమ్మత్తు

అమెరికాలో 2004 నుంచి 2009 మోడల్ వరకు అమ్ముడైన రెండో తరం టొయోటా ప్రియస్ ఇప్పటికీ రోడ్ల మీద విరివిగా తిరుగుతూనే ఉంది. చదువు కోసమో ఉద్యోగం కోసమో అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లు, నాలుగు చేతులు మారిన ఈ కారునే తమ మొదటి కారుగా కొనుక్కోవడమూ కద్దు. హైబ్రిడ్ భాగాలకు కంపెనీ ఇచ్చిన 8 ఏళ్లు లేదా 1,00,000 మైళ్ల వారంటీ, కాలిఫోర్నియా ఉద్గార నిబంధనలు పాటించే రాష్ట్రాల్లో 10 ఏళ్లు లేదా 1,50,000 మైళ్ల వారంటీ ఎప్పుడో ముగిసిపోయాయి కాబట్టి, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం వెలిగిన రోజున ఖర్చంతా యజమానిదే. ఆ దీపాన్ని చూడగానే బ్యాటరీ మొత్తం మార్చాల్సిందేనని నిర్ణయించుకోవడం తొందరపాటు. చవకైన, ప్రమాదం లేని పరీక్షలన్నీ ముందు పూర్తి చేసి, హై వోల్టేజ్ ప్రవహించే నారింజ రంగు తీగల జోలికి చివరిగా వెళ్లడమే సరైన క్రమం. ఈ వ్యాసం కూడా అదే క్రమంలో సాగుతుంది.

ముందుగా బ్యాటరీ నిర్మాణం తెలియాలి. ఇందులో 28 నికెల్ మెటల్ హైడ్రైడ్ మాడ్యూళ్లు వరుసగా ఉంటాయి. ఒక్కో మాడ్యూల్‌లో 1.2 వోల్టుల సెల్స్ ఆరు, అంటే 7.2 వోల్టులు, మొత్తం 201.6 వోల్టులు. బ్యాటరీ కంప్యూటర్ ఒక్కో సెల్‌ను గాని ఒక్కో మాడ్యూల్‌ను గాని విడిగా చూడదు. రెండేసి మాడ్యూళ్లను ఒక బ్లాక్‌గా లెక్కించి 14 బ్లాకుల వోల్టేజీలను మాత్రమే కొలుస్తుంది. 2013లో భారతదేశంలో విడుదలైన క్యామ్రీ హైబ్రిడ్‌లోనూ ఇదే తరహా మాడ్యూళ్లు 34 ఉంటాయి, మొత్తం 244.8 వోల్టులు. అందువల్ల హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఆ కారు నడిపేవారికి కూడా ఇక్కడి తర్కం చాలావరకు పనికివస్తుంది.

దీపం వెలిగింది, కోడ్ ఏదో తెలియదు

లోపాలకు కారు నమోదు చేసుకునే కోడ్‌లను చదివే పరికరమే స్కానర్. చవక రకం స్కానర్లు ఇంజిన్ కంప్యూటర్‌ను మాత్రమే చదివి, లోపమేమీ లేదనో, పీ3000 అనో చూపించి ఊరుకుంటాయి. పీ3000కు అర్థం బ్యాటరీ వైపు ఏదో ఫిర్యాదు ఉందని మాత్రమే. అసలు ఫిర్యాదు బ్యాటరీ కంప్యూటర్‌లో విడిగా నమోదై ఉంటుంది. టొయోటా వారి టెక్‌స్ట్రీమ్ సాఫ్ట్‌వేర్‌తో గాని, 14 బ్లాకుల వోల్టేజీలను విడివిడిగా చూపించగల ఫోన్ యాప్‌తో గాని చదివి, ప్రతి కోడ్‌నూ దాని కింద వచ్చే మూడంకెల ఉపకోడ్‌నూ కాగితం మీద రాసుకున్న తర్వాతే చెరపాలి. రాసుకోకుండా కోడ్‌లు చెరిపేస్తే, ఆ క్షణంలో కంప్యూటర్ భద్రపరిచిన వోల్టేజీలు, ఉష్ణోగ్రతలు కూడా వాటితో పాటే పోతాయి.

దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి, రెడీ దీపం మాత్రం రావడం లేదు

రెడీ దీపం అంటే కారు కదలడానికి సిద్ధమని చెప్పేది. అది రాకుండా బ్రేకు, స్టీరింగ్, హైబ్రిడ్ హెచ్చరికలు గుంపుగా వచ్చాయంటే మొదట అనుమానించవలసింది వెనక డిక్కీలో కుడి మూలన ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీని. ఈ కారులో ఇంజిన్‌ను తిప్పేది హై వోల్టేజ్ బ్యాటరీయే అయినా, కంప్యూటర్లు మేల్కొనడానికీ, పెద్ద బ్యాటరీని కారుతో కలిపే రిలేలు మూసుకోవడానికీ 12 వోల్టులే కావాలి. అది 11 వోల్టుల దగ్గరికి పడిపోతే కంప్యూటర్లు ఒకదాని మాట ఒకటి వినలేక పొంతన లేని కోడ్‌లు పుట్టిస్తాయి. నాకు తెలిసిన ఒకాయన కారుకు ఒక వర్క్‌షాప్ హైబ్రిడ్ బ్యాటరీ మార్చాలని అంచనా రాసి ఇచ్చింది. రాత్రంతా కదలకుండా ఉంచి పొద్దున్నే మీటరు పెట్టి చూస్తే 12 వోల్టుల బ్యాటరీ 10.9 చూపించింది. అది మార్చాక ఆ కోడ్‌లు మళ్లీ రాలేదు.

రాత్రంతా ఆగిన కారులో ఇది 12.5 వోల్టులకు పైన ఉండాలి. రెడీ దీపం వెలిగాక 14 వోల్టులకు అటూఇటూగా కనిపించాలి. కనిపించకపోతే తప్పు ఈ బ్యాటరీది కాదు, హై వోల్టేజీని తగ్గించి దీనికి అందించే కన్వర్టర్‌ది. డిక్కీ తాళం కూడా కరెంటుతోనే తెరుచుకుంటుంది కాబట్టి బ్యాటరీ పూర్తిగా చచ్చినప్పుడు, బానెట్ కింద ఫ్యూజ్ పెట్టెలో ఎర్ర మూత కింద ఉన్న టెర్మినల్ దగ్గరే కొలవాలి. వేరే బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చే జంపర్ తీగలు తిరగేసి తగిలిస్తే, మోటార్లకు కరెంటు అందించే ఇన్వర్టర్ దాకా నష్టం వెళ్లవచ్చు. తగిలించే ముందు ప్లస్, మైనస్ గుర్తులను రెండుసార్లు చూసుకోవాలి. కొత్త బ్యాటరీ ద్రవం ఒలకని ఏజీఎం రకమే కావాలి, దాని వాయువులను బయటికి పంపే గాలి గొట్టాన్ని తిరిగి బిగించాలి, ఎందుకంటే అది ఉండేది మనుషులు కూర్చునే గదిలోనే.

వేసవి సెలవులకు ఇండియా వెళ్లి రెండు మూడు నెలలకు తిరిగి వచ్చినవారికి ఎదురయ్యేదీ సాధారణంగా ఇదే. అయితే ఇంకా ఎక్కువ కాలం ఆగిపోయిన కారులో పెద్ద బ్యాటరీలోని ఛార్జ్ కూడా తనంతట తాను తగ్గిపోయి ఉండవచ్చు. అప్పుడు 12 వోల్టుల జంప్ వల్ల ఫలితం ఉండదు, ఎందుకంటే ఇంజిన్ తిప్పడానికి వేరే స్టార్టర్ మోటారు లేదు. దానికి హై వోల్టేజ్ ఛార్జర్ ఉన్న చోటికే తీసుకువెళ్లాలి.

వెనక సీటు పక్కన ఫ్యాన్ హోరు

వెనక సీటు కుడి పక్కన ఉన్న జాలీలోంచి క్యాబిన్ గాలిని పీల్చి బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్ ఒకటుంది. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే అది కాసేపు గట్టిగా తిరగడం సహజం. ఏసీ వేసి అరగంటైనా హోరు తగ్గకపోతే మాత్రం గాలి దారి మూసుకుపోయిందని అర్థం. జాలీ మీద సంచులో, పిల్లల జాకెట్లో పెట్టడం ఒక కారణం. కుక్క వెంట్రుకలు, కార్పెట్ నూగు ఫ్యాన్ రెక్కల మధ్య కంబళిలా పేరుకోవడం మరో కారణం. పైనుంచి జాలీని తుడిస్తే చాలదు, డిక్కీ పక్క ప్లాస్టిక్ విప్పి ఫ్యాన్‌ను బయటికి తీసి బ్రష్‌తో ఒక్కో రెక్కా శుభ్రం చేయాలి. ఈ పనికి హై వోల్టేజ్ తీగలను ముట్టుకోనక్కరలేదు, ఒక ఆదివారం ఉదయం సరిపోతుంది. వరుస మధ్యలో ఉన్న మాడ్యూళ్లకు వేడి బయటికి పోయే దారి తక్కువ, అవే ముందు ముసలివవుతాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో హైబ్రిడ్ కారు నడిపేవారు దీన్ని ఏటా చేయించుకోవాలని నా అభిప్రాయం.

ఛార్జ్ గీతలు నిమిషాల్లో నిండి, నిమిషాల్లో ఖాళీ అవుతున్నాయి

ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీని కారు సుమారు 40 నుంచి 80 శాతం మధ్య మాత్రమే వాడుకుంటుంది, గీతలు నింపాదిగా కదులుతాయి. చిన్న దిగుడులో పూర్తిగా నిండి, తర్వాతి సిగ్నల్ దాటేలోపు రెండు గీతలకు పడిపోతుంటే బ్యాటరీ సామర్థ్యం తగ్గిందని, లేదా ఒక బ్లాక్ మిగతావాటితో సమానంగా నడవలేకపోతోందని అర్థం. వరుసలో ఒక్కటి బలహీనమైనా కంప్యూటర్ దాని హద్దునే అందరి హద్దుగా తీసుకుంటుంది. ఈ దశలోనే బ్యాటరీ మార్చమని చెప్పే పీ0ఏ80 కోడ్ గాని, ఏ బ్లాకో చెప్పే పీ3011 నుంచి పీ3024 వరకు ఉన్న కోడ్‌లలో ఒకటి గాని వస్తాయి. పీ3011 మొదటి బ్లాక్, పీ3024 పద్నాలుగో బ్లాక్.

ఇక్కడ కోడ్ కంటే ఎక్కువ నిజం చెప్పేవి కారు కదులుతున్నప్పటి బ్లాక్ వోల్టేజీలు. పక్కన ఒకరిని ఫోన్ పట్టుకుని కూర్చోబెట్టి, ఖాళీ రోడ్డు మీద ఒకసారి గట్టిగా వేగం పెంచి, ఒకసారి నిదానంగా బ్రేకు వేసి, అంకెలు ఎలా కదిలాయో చూడాలి. నాలుగు తీరులు కనిపిస్తాయి, వాటిని వేరు చేయగలిగితే పని సగం అయినట్టే.

ఒక బ్లాక్ ఎప్పుడు చూసినా, బండి నిలిచి ఉన్నా నడుస్తున్నా, మిగతావాటికంటే 1.2 వోల్టుల మేర తక్కువగా ఉంటే అందులో ఒక సెల్ లోపల షార్ట్ అయిపోయింది. నిలిచి ఉన్నప్పుడు అందరితో సమానంగా ఉండి, వేగం పెంచినప్పుడు అందరికంటే కిందికి జారి, బ్రేకు వేసినప్పుడు అందరికంటే పైకి ఎగబాకి, ఆపైన నెమ్మదిగా తేరుకునే బ్లాక్‌కు సామర్థ్యం పోయింది. ఇదే ఊగిసలాట కనిపించినా, కాలు తీసిన మరుక్షణం అంకె ఠక్కున సమానమైపోతే నేరం సెల్స్‌ది కాకపోవచ్చు. మాడ్యూళ్లను కలిపే రాగి పట్టీ, అంటే బస్‌బార్, తుప్పు పట్టి గాని నట్టు వదులై గాని ఉండవచ్చు. ఇక నాలుగోది, అందరూ మోసపోయేది: పక్కపక్కనే ఉన్న రెండు బ్లాకులలో ఒకటి ఎంత తక్కువ చూపిస్తే రెండోది సరిగ్గా అంత ఎక్కువ చూపిస్తుంది. రెండింటి మొత్తం మాత్రం మారదు. ఆ రెండూ పంచుకునే కొలత తీగ చివర తుప్పు పట్టినప్పుడు ఇలా అవుతుంది. తీగ పూర్తిగా తెగితే పీ3030 కోడ్ వస్తుంది. ఈ చివరి రెండు సందర్భాలలో మాడ్యూళ్లు మార్చడం డబ్బు దండగ.

బ్యాటరీని తెరవవలసి వస్తే

200 వోల్టుల డీసీ మనిషి ప్రాణం తీయగలదు. హై వోల్టేజ్ పనిలో అనుభవం లేనివారు ఇక్కడితో ఆగి, పైన రాసుకున్న కోడ్‌లూ అంకెలూ ఉన్న కాగితంతో తెలిసినవారి దగ్గరికి వెళ్లడమే మంచిది. అనుభవం ఉన్నవారికి చెప్పవలసింది ఇది. కారు ఆపి, తాళం దూరంగా పెట్టి, 12 వోల్టుల మైనస్ తీగ విప్పాలి. 1000 వోల్టులకు తగిన క్లాస్ 0 రబ్బరు తొడుగులను మణికట్టు దగ్గర నుంచి చుట్టి లోపలి గాలి ఎక్కడా కారడం లేదని చూసి తొడుక్కోవాలి. బ్యాటరీ వరుసను మధ్యలో తెంచే నారింజ రంగు సర్వీస్ ప్లగ్ తీసి జేబులోనే పెట్టుకోవాలి, లేకపోతే ఎవరో ఒకరు మంచితనం కొద్దీ దాన్ని మళ్లీ పెట్టేస్తారు. ఇన్వర్టర్‌లోని కెపాసిటర్లు ఖాళీ కావడానికి 5 నిమిషాలు చాలంటారు, నేను 10 ఆగుతాను, ఆపైన మీటరుతో సున్నా చూసుకుంటాను. ప్లగ్ తీసినంత మాత్రాన బ్యాటరీ చచ్చినట్టు కాదు. వరుస రెండు ముక్కలవుతుంది, ఆ ముక్కల్లో ప్రాణం అలాగే ఉంటుంది.

బస్‌బార్ల మీద పచ్చని చిలుము ఉంటే వెనిగర్‌లో నానబెట్టి, రుద్ది, కడిగి, పూర్తిగా ఆరబెట్టి బిగించాలి. ఆ నట్లకు 5.4 న్యూటన్ మీటర్లు మాత్రమే. చేతి అంచనాతో బిగిస్తే మాడ్యూల్‌లోని మర ఊడిపోతుంది, దాంతో బాగున్న మాడ్యూల్ కూడా పనికిరాకుండా పోతుంది.

మాడ్యూళ్లను పరీక్షించడానికి 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు చాలు. ఒక్కోదానికీ రెండేసి నిమిషాలు తగిలించి, ముందు, చివర, తీసేశాక ఒక నిమిషానికి వచ్చిన వోల్టేజీలను వరుసగా రాస్తే, పాడైనది తనంతట తానే బయటపడుతుంది. దాని స్థానంలో పెట్టే పాత మాడ్యూల్ సామర్థ్యం మిగతావాటికి దగ్గరగా ఉండాలి. మరీ బలమైనది పెట్టినా సమతూకం చెడుతుంది. చెడ్డదాన్ని తీసేశాక మిగిలిన అన్నింటినీ ప్లస్‌లు ఒకవైపు, మైనస్‌లు ఒకవైపు కలిపి రాత్రంతా ఉంచితే వోల్టేజీలు సమమవుతాయి. తిరిగి అమర్చేటప్పుడు మాడ్యూళ్లు ఒకటి విడిచి ఒకటి తిరగేసి ఉండాలన్నది మరిచిపోకూడదు. ఒక్క మాడ్యూల్ మారిస్తే కారు మళ్లీ నడుస్తుంది గాని, మిగిలిన 27 అదే వయసువే కాబట్టి కొన్ని నెలల్లో ఇంకొకటి మొరాయించడం మామూలే. అమ్మేయబోయే కారుకో, ఇంకో ఏడాది గడిస్తే చాలనుకునే విద్యార్థికో ఈ పద్ధతి సరిపోవచ్చు. రోజూ 60 మైళ్లు తిరిగే కారుకు కొత్త సెల్స్‌తో తయారైన పూర్తి బ్యాటరీ వేయించడమే చివరికి చవక.

పీ0ఏఏ6: ఇన్సులేషన్ లోపం

హై వోల్టేజ్ ఎక్కడో కారు బాడీకి కారుతోందని ఈ కోడ్ చెబుతుంది, కాబట్టి దీన్ని తేలికగా తీసుకోకూడదు. ఉపకోడ్ 612 అయితే బ్యాటరీ, 611 అయితే ఏసీ కంప్రెసర్, 613 అయితే మోటార్లున్న గేరు పెట్టె, అంటే ట్రాన్సాక్సిల్, 614 అయితే ఇన్వర్టరు, తీగలు. బ్యాటరీలో అయితే టెర్మినల్ చుట్టూ తెల్లని పొడి కోసం వెతకాలి. అది బయటికి ఊరిన పొటాషియం హైడ్రాక్సైడ్, గట్టి క్షారం, చర్మానికి తగిలితే నీళ్లతో బాగా కడగాలి. ఏసీ వేసినప్పుడే కోడ్ వస్తుంటే, ఇంతకుముందు గ్యాస్ నింపినవారు ఏ నూనె వాడారో అడగాలి. ఈ కంప్రెసర్ లోపల విద్యుత్ మోటారు ఉంది, దానికి ఎన్‌డీ-11 నూనె మాత్రమే వాడాలి. మామూలు కార్లకు పోసే పీఏజీ నూనె కొంచెం కలిసినా ఇన్సులేషన్ పడిపోతుంది.

అంతా బిగించినా రెడీ రావడం లేదు

ఒకసారి నేనే ఇలా గంటన్నర వెతికాను. సర్వీస్ ప్లగ్‌ను లోపలికి నెట్టాను, పిడిని పైకి తిప్పాను, అంతటితో అయిపోయిందనుకున్నాను. నిజానికి మూడో కదలిక ఒకటుంది. పైకి తిప్పిన పిడిని మళ్లీ కిందికి జరిపి ఠక్కుమనే దాకా నొక్కాలి, అప్పుడే ప్లగ్ పూర్తిగా బిగిసిందని కంప్యూటర్‌కు చెప్పే లోపలి స్విచ్, అంటే ఇంటర్‌లాక్, కలుస్తుంది. అది కలవకపోతే బ్యాటరీ ఎంత బాగున్నా రిలేలు మూసుకోవు, పీ0ఏ0డీ కోడ్ వస్తుంది. రెడీ దీపం వెలిగాక కోడ్‌లు చెరిపి, ఎత్తుపల్లాలున్న దారిలో ఇరవై మైళ్లు తిప్పి, ఆ 14 అంకెలను మళ్లీ అదే కాగితం మీద, పాతవాటి పక్కనే రాసుకోవాలి.