ఎరుపు డయోడ్ మార్చేముందు గాడి గుర్తు పెట్టుకోండి

స్టేజీ లేజర్‌లో ఎరుపు ఒక్కటే మసకబారితే ముందు అద్దాలు తుడిచి, కాసేపు చల్లారనిచ్చి చూడండి. ఆ ఎరుపు వెలుగునిచ్చే 638 నానోమీటర్ల లేజర్ డయోడ్‌కు వేడి అసలు పడదు. అప్పటికీ మసకే అంటే, డ్రైవర్ (డయోడ్‌కు కరెంట్ ఇచ్చే బోర్డు) నుంచి కరెంట్ సరిగ్గానే వస్తుంటే డయోడ్ మార్చాల్సిందే.

పాతది తీసేముందు దాని అంచు మీదున్న చిన్న గాడి ఎటు ఉందో మౌంట్ (డయోడ్ కూర్చునే దిమ్మ) మీద పెన్‌తో గీయండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. 90 డిగ్రీలు తిరిగి కూర్చుంటే ధ్రువణం (కాంతి తరంగం ఊగే దిశ) మారిపోయి, బీమ్‌లు కలిపే క్యూబ్ దగ్గర వెలుగు పక్కదారి పడుతుంది. మీరేమో కొత్త డయోడ్ నకిలీదనుకుంటారు!

పవర్ తీసినా డ్రైవర్ కెపాసిటర్‌లో చార్జి మిగులుతుంది. రెసిస్టర్‌తో దాన్ని ఖాళీ చేశాకే సోల్డర్ చేయండి. చేతికి ఎర్తింగ్ పట్టీ తప్పనిసరి. కరెంట్ ముందే డమ్మీ లోడ్ (డయోడ్ బదులు తగిలించే ఉత్తుత్తి లోడ్) మీద సెట్ చేసుకోండి.

అలైన్‌మెంట్‌కు (బీమ్‌లన్నీ ఒకే దారిలోకి తేవడానికి) వెలిగే రంగులకు సరిపడే లేజర్ కళ్లద్దాలు పెట్టుకుని, చుక్క కనిపించేంత తక్కువ కరెంట్ చాలు. గాల్వోలు (బీమ్‌ను అటూఇటూ తిప్పే చిన్న అద్దాల మోటార్లు) ఆన్‌లో, మధ్యలో నిలిపి ఉంచండి. ముందు లెన్స్ తిప్పి 8–10 మీటర్ల దూరంలో ఫోకస్ చూసుకోండి. తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చుక్కలూ గాల్వో అద్దం దగ్గర కలవకపోతే డయోడ్ వైపు అద్దం, గోడ మీద కలవకపోతే గాల్వో వైపు డైక్రోయిక్ (ఒక రంగును వదిలి ఇంకోదాన్ని తిప్పికొట్టే అద్దం) తిప్పండి. ఒకటి సరిచేస్తే రెండోది పక్కకు జరుగుతుంది, రెండూ నాలుగైదుసార్లు మార్చి మార్చి చేయాల్సిందే. స్క్రూ బిగించేటప్పుడు కూడా చుక్క కదులుతుంది, గోడ మీంచి చూపు తిప్పకండి.